చొక్కా పిండిన నీళ్లు

నాకు మిగిలిన ఇంగ్లీషంతా ఇనుము చెక్కే లేత్ మిషన్ మీదే రాసి ఉంటుంది. ఒకటి ఆన్, రెండోది ఆఫ్. ఆ రెండింటినీ కలిపి ఒక వాక్యం చెయ్యమంటే నా బుర్రలో ఫ్యూజు పోతుంది. అలాంటివాడి దగ్గరికి మొన్న సాయంత్రం మా మనవరాలు ఇంగ్లీషు హోంవర్కు పట్టుకొచ్చింది. ఇంట్లో ఇంకెవరూ ఖాళీగా లేక వచ్చిందే తప్ప నా పాండిత్యం మీద నమ్మకంతో కాదు.

“తాతా, దేఖో నా. ఫ్యామిలీ గురించి ఐదు సెంటెన్సులు రాయాలి. రెండు చిన్నవి జోడించి ఒక పెద్దది. అండ్, బట్, సో... అవి వేసి. నేను చదువుతా, గల్తీ ఉంటే చెప్పు.”

“గల్తీ కనపడాలంటే ముందు సరైనది తెలియాలి కదే,” అన్నాను.

అది పట్టించుకోలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. “మై గ్రాండ్‌ఫాదర్ గోస్ టు ద పార్క్ ఎవ్రీ మార్నింగ్,” అని చదివి, ఆగింది. వంటింటి వైపు చూసింది. అక్కడ కోడలు పోహాలోకి ఉల్లిపాయలు తరుగుతోంది. పిల్ల పుస్తకం మెల్లగా నా వైపు తిప్పి, మిగతా సగం కింద వేలు పెట్టింది. అంతా చదవలేకపోయినా మూడు మాటలు పోల్చుకున్నాను. బట్. షర్ట్. ఆయిల్. తాత రోజూ పార్కుకి వెళ్తాడు, కానీ చొక్కా మిషన్ ఆయిలు వాసన కొడుతుంది.

తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాను. లేత్ ముందు నిలబడటం మానెయ్యమని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. అందరి ముందూ ఒట్టు వేశాను. పొద్దున్నే పార్కు గేటుకి మొహం చూపించి, అట్నుంచటే చిన్న చిన్న కార్ఖానాలుండే హథ్‌ఖోజ్ పోయి, నా దగ్గర పని నేర్చుకున్నవాడి షాపులో ఒక గంట చెయ్యి ఆడించి వస్తున్నాను. దేవుడికి కూడా తెలియదనుకున్నాను.

దొరికిపోయినందుకు కాదు నేను బిగుసుకుపోయింది. ఈ వాక్యం నాకు తెలుసు. ఇంచుమించు దీని వయసులోనే, నా చేత్తో నేనే రాశాను.

అప్పట్లో మేం సెక్టర్ 2లో ఉండేవాళ్లం. ఒకే అచ్చులో పోసినట్టుండే క్వార్టర్లు, రెండు వరసల నడుమ వెనక సందు, సందు పొడుగునా ఒక కాలువ. మా వరసలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చినవాళ్లే. సాయంత్రమయ్యేసరికి ప్రతి వెనక గుమ్మంలో బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఒక ఇంట్లో ఎండునెత్తళ్లు వేగుతుంటే ఇంకో ఇంట్లో ఇంగువ పోపు, ఆ చివర ఛత్తీస్‌గఢీ వాళ్లింట్లో బియ్యప్పిండి చీలా అట్లు కాలుతున్న వాసన. ఆ రోజు ఎవరింటికి ఆడుకోవడానికి వెళ్లాలో నా ముక్కే తేల్చేది.

ప్రతి ఇంటి వెనకా ఒక కొళాయి, ఒక బండరాయి. డ్యూటీ చొక్కాలు ఆ రాయి మీదే ఉతికేవారు. ఆ నీళ్లే మా సందుకి వార్తాపత్రిక. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనిచేసేవాడి చొక్కా పిండితే నల్లనీళ్లు. మా నాన్న సింటర్ ప్లాంటులో పనిచేసేవాడు, అక్కడంతా ఇనుపరాయి దుమ్ము. చొక్కా రాయి మీద పెట్టి అమ్మ ఒక్క బాదు బాదితే కుంకుమ కలిపినట్టు ఎర్రనీళ్లు. పక్క క్వార్టరు పిన్ని భర్తది ప్లాంటులోనే లేత్‌లుండే మెషిన్ షాపు. ఆవిడ పిండితే బూడిదరంగు నీళ్లు, పైన నూనె తేలి ఎండలో ఇంద్రధనుస్సు కనపడేది. కొత్త కుటుంబం దిగితే మా ఆడవాళ్లు మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడని అడిగేవారు కాదు. మొదటి ఉతుకు దాకా ఆగేవారు.

నా పని ఆ కాలువలో కాగితం పడవలు వదలడం. ఇంగ్లీషు నోటుపుస్తకం కాగితం గట్టిది, అయిదారు ఇళ్లు దాటేది. నాకు ఇంగ్లీషు అంతదూరం ప్రయాణించింది ఆ ఒక్క రకంగానే.

ఒక వానాకాలం మొదట్లో మా ఇంటి వెనక ఎరుపు ఆగిపోయింది. పడవ పట్టుకుని కూర్చుంటే మా తూములోంచి బూడిదరంగు నీళ్లు వచ్చాయి. పిన్ని ఇంద్రధనుస్సు మా గుమ్మంలోకి వచ్చింది.

“అమా, నాన్న చొక్కా నీల్లు ఎర్రగా రానేదేటే?”

“సబ్బు మారిందిరా.”

నమ్మేశాను. ఆ సబ్బుతో నాకూ నీళ్లు పొయ్యమని కూడా అడిగాను. మర్నాటి నుంచి అమ్మ ఆ చొక్కాలు బయట రాయి మీద ఉతకడం మానేసి, స్నానాలగదిలో తలుపు వేసుకుని ఉతకడం మొదలుపెట్టింది. నీళ్లు మాత్రం అదే తూములోంచి కాలువలోకి వచ్చేవి.

ఇంకొన్ని కూడా మారాయి. మూడు షిఫ్టులూ తిరిగే నాన్న రోజూ పొద్దున్న వెళ్లి సాయంత్రం వస్తున్నాడు. “జనరల్ షిఫ్టు ఏసినారు,” అన్నాడు. ఇదివరకు నాన్న దగ్గర కాలిన మట్టి వాసన వచ్చేది. ఇప్పుడు కిరసనాయిలు వాసన. క్యాంటీనులో తనకిచ్చిన సమోసా తినకుండా జేబులో వేసుకుని నాకోసం తెచ్చేవాడు, చల్లారి బిగుసుకుపోయి ఉండేది. దానికి బదులు ఇప్పుడు హిందీ పేపరు ముక్కలో వేడివేడి మిరపకాయ భజియా వస్తోంది. నాకదే బాగుంది. ప్లాంటు సైరన్ మోగగానే అదే హెల్మెట్టు, అదే సైకిలు, అదే టిఫిను క్యారేజీ. ఇన్ని కనపడుతున్నా నాకు ఏమీ కనపడలేదు. ఒక్కొక్కటీ విడివిడిగా చూస్తే అన్నీ మామూలే.

కలపడం బళ్లో నేర్పారు.

మా ఇంగ్లీషు టీచరమ్మ రైల్వే వాళ్లమ్మాయి. తాతల నాడే ఆంధ్రా నుంచి వచ్చి ఈ లైనులో స్థిరపడిన కుటుంబం. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో మా ప్రాణాలు తియ్యడానికి సైకిలు మీద వచ్చేది. వాళ్లాయన కూడా సింటర్ ప్లాంటే. ఆవిడ పాఠం చెప్తే బ్లాక్‌బోర్డు మీద రైలు వచ్చేది. “ఇదొక డబ్బా, ఇదొక డబ్బా. దేనికదే నిలబడగలదు. మధ్యలో కప్లింగ్ వెయ్యి, ‘బట్’. కప్లింగుకి ముందు కామా. కామా అంటే ఏంటి? ఊపిరి పీల్చుకునే చోటు. ముందు లైను ఖాళీగా ఉందో లేదో చూసుకునే చోటు.” ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సుబళ్లని లెక్కపెడుతూ పెరిగిన పిల్లలం. మాకు తేలిగ్గానే ఎక్కింది.

ఇంటి గురించి పది వాక్యాలు రాసుకు రమ్మంది. నేను వేళాకోళానికి దొరికిన అవకాశం వదిలే రకం కాదు. అమ్మకి హిందీ రాదు, సో కూరగాయలవాడు తెలుగు నేర్చుకున్నాడు. నాన్న గురక పెడతాడు, అండ్ పక్కింటి పిన్ని గోడ మీద కొడుతుంది. నేను రోజూ స్నానం చేస్తాను, బికాజ్ అమ్మకి నాకన్నా బలం ఎక్కువ. తొమ్మిది రాసేసరికి సరుకు అయిపోయింది. పదోదానికి కాలువలోకి చూశాను. అక్కడ దొరికింది.

టీచరమ్మకి నా వాక్యాలు తెగ నచ్చాయి. నన్ను లేపి నిలబెట్టి, పుస్తకం పట్టుకుని తనే పైకి చదివింది. కూరగాయలవాడి దగ్గర క్లాసు గొల్లుమంది. స్నానం దగ్గర ఆవిడే నవ్వాపుకోలేక బల్ల పట్టుకుంది. మా క్లాసులో సగంమంది మా సందు పిల్లలే. నా జీవితంలో అంత పేరు మళ్లీ రాలేదు.

పదోది మొదలుపెట్టింది. “మై ఫాదర్ గోస్ టు ద సింటర్ ప్లాంట్ ఎవ్రీ డే,”

ఆగింది.

ఆవిడ కళ్లు మిగతా సగం మీద పరిగెత్తాయి. మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఎండిపోయింది. పుస్తకం మూసేసింది. 

“మేడమ్, ఆగే ఏముంది?” అని వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు.

“ఏం లేదు. అయిపోయింది. కూర్చో నువ్వు.”

అయిపోలేదు! నా పదో వాక్యం, అన్నిటికన్నా బాగా కుదిరిందది. చప్పట్లు కొట్టాల్సిన చోట ఈవిడ పుస్తకం మూసేస్తే ఎలా? కూర్చోలేదు నేను. క్లాసు వైపు తిరిగి, తెలుగులోనే, అందరికీ అర్థమయ్యేలా అరిచాను. “మా నాన్న రోజూ సింటర్‌కే ఎల్తాడు, బట్ చొక్కా పిండితే మెసిన్ షాపు నీల్లొత్తాయి!”

క్లాసంతా నవ్వింది. కోక్ ఓవెన్ వాళ్లబ్బాయి బల్ల మీద దరువేశాడు. సింటర్ వాళ్ల పిల్లలు ఇద్దరు మాత్రం నవ్వలేదు, ఒకరినొకరు చూసుకున్నారు. టీచరమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీలో కూలబడి, “ఏం చేశావురా,” అంది. అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా గుమ్మం పక్కన ఆవిడ సైకిలు.  చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వెనకనుంచి వెళ్లి, కిటికీ కింద కూర్చున్నాను.

“మీవారిని సస్పెండు చేశారని మా ఆయన చెప్పారమ్మా,” అంటోంది టీచరమ్మ. “ఊరినుంచి బండి లేటై రాలేకపోయిన స్నేహితుడి టోకెను, ఈయన తన టోకెనుతో పాటు గేటు దగ్గర వేసేశారట, హాజరు పడాలని. పట్టుకున్నారు. మూణ్ణెల్లు లోపలికి రావద్దన్నారు. మీకు తెలియదేమోనని...”

“టోకెను సంగతి తెలీదు టీచరమ్మా. ఎక్కడికో ఎల్తన్నాడని తెల్సు.”

“హథ్‌ఖోజ్‌లో ఏదో లేత్ షాపు అయ్యుంటుంది. కానీ అమ్మా, సస్పెన్షన్లో ఉన్నవాళ్లు బయట పని చెయ్యకూడదు. చెయ్యడంలేదని సంతకం పెట్టి ఉంటారు. ఆఫీసుకి తెలిసిందంటే ఉద్యోగం పూర్తిగా తీసేస్తారు. క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. ఇవాళ క్లాసులో మీవాడు...”

 రోజూ నేను చూస్తున్నవన్నీ, కిరసనాయిలు వాసన, భజియా, జనరల్ షిఫ్టు, బూడిద నీళ్లు, డబ్బాకి డబ్బా తగులుకున్నట్టు ధడధడమని ఒకదానికొకటి తగులుకున్నాయి. నేను అరిచింది వేళాకోళం కాదు. మా నాన్నని పట్టిచ్చాను.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. “టీ తాగెల్లండి,” అంది.

టీచరమ్మ వెళ్లీ వెళ్లకముందే పక్కింటి పిన్ని గోడ మీదనుంచి తల పెట్టింది. ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది. సందంతటికీ తెలిసిపోయింది.

“అప్పా, నీ గుంటడి నోరు కుట్టీయాల.”

“కుడతాన్లే. ముందు సెప్పు, నీ రాయి మీద రెండు చొక్కాలు ఎక్కువైతే ఎవులికైనా తెలుత్తాదేటి?”

పిన్ని వెనక్కి తిరిగి తన రాయి వైపు చూసింది. “నా మొగుడిది మెసిన్ షాపే కదా. అయే నీల్లు. ఇటు పడీ.”

అంతే మాట్లాడుకున్నారు. 

నాన్న మామూలు వేళకే వచ్చాడు. సైకిలు స్టాండు వేసి, హెల్మెట్టు చంకలో పెట్టుకుని, పేపరు పొట్లం నాకివ్వబోయాడు. అమ్మ అడ్డంగా చెయ్యి చాచింది.

“చొక్కా ఇప్పు. ఇయ్యాల్టి నుంచి నీ చొక్కాలు పక్కింటామె తన రాయి మీద ఉతుకుతాది.”

నాన్న కదల్లేదు. హెల్మెట్టు చంకలోంచి జారి గచ్చు మీద పడి, గిరగిరా తిరిగి ఆగింది. 

“ఎప్పుట్నుంచి తెల్సు?”

“మొదటి ఉతుకు నుంచి.”

“మరి అడగనేదేటే?”

“నువ్వు సెప్పనేదు కదా.”

నాన్న గోడకి ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. అంత మనిషి మోకాళ్ల మధ్య తల పెట్టుకోవడం నేను అదే చూడటం. అమ్మ చొక్కా విప్పించి, పొడిగా మడిచి, గోడ మీదనుంచి అందించింది. అప్పుడు నావైపు తిరిగింది.

“మీ నాన్నకి నువ్వే సెప్పు, బల్లో ఏటి రాసినావో.”

చెప్పాను. పదీ చెప్పించాడు. ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చదివి తెలుగులో అర్థం చెప్పాలి. గురక దగ్గర గోడ అవతల పిన్ని కిసుక్కుమంది. పదోది చదివాక దెబ్బకోసం కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే నాన్న భజియా పొట్లం విప్పుతున్నాడు.

“తిను,” అన్నాడు. “సల్లారిపోతాది.”

 కొట్టి ఉంటే ఇప్పటికి మర్చిపోయేవాడిని.

మర్నాటినుంచి నాన్న పనికి వెళ్లలేదు. మూడోరోజు పొద్దున్న ఆఫీసు మనిషి ఒకడు స్కూటరు మీద వచ్చాడు. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు, మేం కనుక్కోలేదు. అతను సింటర్‌కి, మెషిన్ షాపుకి నీళ్ల రంగు తేడా తెలిసినవాడే. తిన్నగా వెనక సందులోకి వచ్చి మా తూము దగ్గర నిలబడ్డాడు. మా తూములోంచి బియ్యం కడుగు వస్తోంది, పాలలా.

లోపలికి వచ్చి నాన్నని చేతులు చూపించమన్నాడు. లేత్ పనివాడి గోళ్ల సందుల్లో ఇనుము దిగుతుంది, సబ్బుకి లొంగదు.  నాన్న రెండు చేతులూ పైకెత్తాడు. మణికట్ల దాకా చింతపండు గుజ్జు. అమ్మ రెండురోజులుగా ఆయన చేత పులుసులకి పిసికిస్తోంది. పొద్దున, సాయంత్రం అదే పని. రెండు పూటలా మా ఇంట్లో పులుసే. ఎందుకు పెట్టించిందో నాకు అప్పుడు వెలిగింది. రాగిచెంబులు తోమేది దేనితో?

ఆఫీసు మనిషికి తృప్తి కలగలేదు. బయటికి వచ్చి పిన్ని రాయి వైపు చూశాడు. అక్కడ బూడిద నీళ్లు వరదలా పారుతున్నాయి, పక్కన నాన్నవి కూడా కలిసిన చొక్కాల కుప్ప.

“ఏక్ ఆద్మీ కే ఇత్నే షర్ట్?” ఒక్కడికి ఇన్ని చొక్కాలా అని.

పిన్ని నడుం ఎత్తకుండానే తన హిందీలో చెప్పింది. “మేరా ఆద్మీ బహుత్ మోటా హై సాబ్. ఏక్ మే నై ఆతా.” మొగుడు బాగా లావట, ఒక్క చొక్కాలో పట్టడట.

పిన్ని మొగుడు చీపురుపుల్లలా ఉంటాడు. ఆ నిమిషాన అతను గుమ్మంలోకి రాకుండా పిల్లలిద్దరు లోపల కాళ్లు పట్టుకుని కూర్చున్నారట. సందులో ప్రతి రాయి దగ్గరా ఒక ఆడది వంగి బట్టలు బాదుతోంది. ఒక్కతె తల ఎత్తలేదు. నల్లవి, ఎర్రవి, బూడిదవి, అన్ని నీళ్లూ వచ్చి ఒకే కాలువలో కలిసిపోతున్నాయి. ఆఫీసు మనిషి కాసేపు ఆ కాలువని చూసి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

తప్పు తప్పే, సంతకం పెట్టి పనిచేశాడు నాన్న. ఆ మాట ఆయనే తర్వాత చాలాసార్లు అన్నాడు. మళ్లీ హథ్‌ఖోజ్ వైపు వెళ్లలేదు. గడువు తీరేదాకా ఇంట్లోనే ఉండి మాకు చోడి అంబలి, అంటే రాగిజావ, కాచి పెట్టాడు. అది తాగి నేను, తాగించి ఆయన, ఇద్దరం శిక్ష అనుభవించాం. వానలు తగ్గాక ప్లాంటు వాళ్లు మళ్లీ తీసుకున్నారు. అమ్మ బయట రాయి మీద మొదటి చొక్కా బాదిన రోజు, ఎర్రనీళ్లు సందు చివరిదాకా వెళ్లాయి. పడవ వదల్లేదు నేను. ఊరికే చూశాను.

ఆ తర్వాత ఇంగ్లీషు పరీక్షల్లో నేను చిన్న వాక్యాలే రాశాను. ఒక డబ్బాకి ఇంకో డబ్బా తగిలించలేదు. “కలపరా, నీకొచ్చు కదా,” అని టీచరమ్మ బతిమాలింది. నా చెయ్యి రాలేదు. తొమ్మిదిలో తప్పాను, బడి మానేశాను, హథ్‌ఖోజ్‌లో లేత్ షాపులో చేరాను. అది నాన్న చేసిన షాపేనని చేరాక తెలిసింది. లోపల గోడకి ఒక మేకు చూపించి, “యహా ఏక్ ఆద్మీ హెల్మెట్ టాంగ్‌తా థా,” అని నవ్వేవాడు పాత మిస్త్రీ. లేత్ షాపుకి హెల్మెట్టు పెట్టుకొచ్చి ఆ మేకుకి తగిలించిన పిచ్చివాడు ఎవడో నేను చెప్పలేదు. ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను.

నా మొదటి చొక్కా అమ్మ బయట రాయి మీదే ఉతికింది, పట్టపగలు, అందరూ చూస్తుండగా. బూడిద నీళ్లు, పైన ఇంద్రధనుస్సు.

ఇప్పుడు మా ఇంట్లో వాషింగ్ మిషన్. నీళ్లు గొట్టంలోంచి గొట్టంలోకే పోతాయి. ఏ రంగో ఎవరూ చూడరు. పక్కింటాయన ఏం పనిచేస్తాడో పదేళ్లుగా నాకు తెలియదు. అమ్మా నాన్నా లేరు, పిన్ని లేదు. ఆ వరసలో ఇప్పుడు ఎవరెవరో ఉంటున్నారు. రాళ్లయినా ఉన్నాయో లేవో.

మనవరాలు ఆ వాక్యం కొట్టేసి వేరేది రాసుకుంది. నేను అడగలేదు, అదే రాసుకుంది. తాత జోకులు చెప్తాడు, బట్ ఎవరూ నవ్వరు అని. ఆ రాత్రి అన్నాల దగ్గర హథ్‌ఖోజ్ సంగతి కోడలికి నేనే చెప్పేశాను. “తెలుసు మామయ్యా,” అంది. నేనింక ఆశ్చర్యపోవడం కూడా మానేశాను.

ఆదివారం కూరగాయల బజార్లో టీచరమ్మ కనపడింది. చేతికర్ర వచ్చింది, చూపులో వాడి అలాగే ఉంది. మనవరాలి సంగతంతా చెప్పాను. అది సగంలో ఆగి వంటింటి వైపు చూసిందని చెప్తే ఆవిడ ముసిముసిగా నవ్వింది. నేను ఊరుకుంటానా?

“అంతా మీ పాఠం మహిమ మేడమ్. నన్ను మాత్రం తొమ్మిదో క్లాసులోనే ఆపేశారు.”

ఆవిడ బెండకాయ చివర పుటుక్కున విరిచి చూసి, సంచీలో వేసుకుంది.

“నిన్ను నేనెప్పుడు ఆపగలిగానురా? ఆ రోజు కామా దగ్గరే ఆపలేకపోయాను!”